మగవాళ్ల ముఖానికి మూడు వస్తువులు చాలు: పొద్దున, రాత్రి, గడ్డం గీసుకున్నప్పుడు ఏం చేయాలి

సూపర్‌మార్కెట్లో మగవాళ్ల అరలో ఉన్న ఫేస్‌వాష్ ఒకటి, పక్క అరలో ఆడవాళ్ల ఫేస్‌వాష్ ఒకటి తీసుకుని వెనకవైపు చదవండి. చాలావాటిలో ఉండే సరుకు ఒకటే. మారేది డబ్బా రంగు, వాసన, అప్పుడప్పుడు ధర. మగవాళ్ల చర్మం కాస్త మందంగా ఉంటుంది, జిడ్డు ఎక్కువ ఊరుతుంది, గడ్డం గీసుకోవాల్సి వస్తుంది. తేడా అంతే. ఇంట్లో అక్కో, భార్యో వాడే మంచి మాయిశ్చరైజర్ ఉంటే అది మీకూ పనికొస్తుంది. డబ్బా మీద 'ఫర్ మెన్' అని లేకపోతే ముఖం ఏమీ అలగదు.

అందుకని ఇక్కడ పన్నెండు సీసాల జాబితా ఇవ్వడం లేదు. ఒక ఫేస్‌వాష్, ఒక మాయిశ్చరైజర్, ఒక సన్‌స్క్రీన్. పొద్దున మూడు నిమిషాలు, రాత్రి రెండు నిమిషాలు. అయితే కొనడానికి ముందు మానేయాల్సినవి కొన్ని ఉన్నాయి. మనవాళ్ల ముఖాలు ఏమీ రాయకపోవడం వల్ల కన్నా, రాయకూడనివి రాయడం వల్లే ఎక్కువ పాడవుతున్నాయని నా అభిప్రాయం.

మొదట మానేయాల్సినవి

ఒంటికి రుద్దుకునే సబ్బుతోనే ముఖం కడుక్కోవడం మానేయండి. చర్మానికి స్వతహాగా కొద్దిగా ఆమ్ల గుణం ఉంటుంది, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) సుమారు 5.5. మామూలు స్నానపు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది, అంటే క్షార గుణం. ముఖం కడిగాక చర్మం బిర్రుగా లాగినట్టు ఉంటే శుభ్రమైందని సంబరపడతాం. నిజానికి అది పైపొరలోని నూనె, తేమ పోయిన గుర్తు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇది ఇంకా ఎక్కువ. ఉప్పు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. బకెట్ అంచున కనిపించే తెట్టే ముఖం మీద కూడా మిగిలిపోతుంది. సబ్బు కాని క్లెన్సర్‌తో ఈ బాధ ఉండదు.

నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్ట్ ముఖం దగ్గరికి రానివ్వకండి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే కొందరికి బొబ్బలు వచ్చి, అవి మానాక నల్లటి మచ్చలు నెలల తరబడి ఉంటాయి. గరుకు స్క్రబ్‌లతో మొటిమల మీద రుద్దడం కూడా అంతే. సున్నిపిండి పండగ రోజు ఒంటికి రాసుకుంటే తప్పేమీ లేదు. మొటిమలున్న ముఖం మీద మాత్రం రుద్దకండి.

ఇక అసలు సమస్య దగ్గరికి వద్దాం. మెడికల్ షాపుకి వెళ్లి "అన్నా, ముఖం మీద మచ్చలున్నాయి, ఏదైనా క్రీమ్ ఇవ్వు" అంటే ఒక చిన్న ట్యూబ్ చేతిలో పెడతారు. వారం తిరిగేసరికి ముఖం తేటగా, తెల్లగా కనిపిస్తుంది. స్నేహితులకు కూడా చెప్తారు. ఆ ట్యూబ్ మీద సన్న అక్షరాల్లో క్లోబెటసాల్, బీటామెథాసోన్, మోమెటాసోన్, ఫ్లూసినోలోన్ అన్న పేర్లలో ఏదైనా ఉందేమో చూడండి. ఇవన్నీ స్టెరాయిడ్లు. రక్తనాళాలను బిగించి, వాపు తగ్గించి, రంగును కొంతకాలం అణచి ఉంచుతాయి కాబట్టే అంత త్వరగా పని చేసినట్టు కనిపిస్తాయి. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, బుగ్గల మీద సన్నని ఎర్రటి రక్తనాళాలు తేలతాయి, మొటిమలు గుంపులుగా వస్తాయి, ఎండలోకి వెళ్తే మంట పుడుతుంది. ఆపితే ముఖం ఎర్రబడి దురద పెడుతుంది కాబట్టి మళ్లీ అదే రాస్తారు. ఇలా ఏళ్లు గడిపేవాళ్లు ఉన్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి 14 స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలోకి తెచ్చింది. కౌంటర్ దగ్గర ఎవరూ చీటీ అడగకపోవచ్చు, మీరే ట్యూబ్ తిప్పి చదువుకోవాలి.

తామరకి కూడా ఇవే కలిపిన క్రీములు ఇస్తుంటారు. దురద రెండు రోజుల్లో తగ్గుతుంది, లోపల ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. ఆ తర్వాత గుండ్రటి అంచు కూడా సరిగ్గా కనిపించక, డాక్టర్‌కే గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఇప్పటికే నెలల నుంచి స్టెరాయిడ్ క్రీమ్ ముఖానికి రాస్తున్నవాళ్లు సొంతంగా ఒక్కసారిగా ఆపేసి ఇబ్బంది పడొద్దు. ట్యూబ్ పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మిగతా వ్యాసం ఆ తర్వాత చదువుకోవచ్చు.

మీ చర్మం ఏ రకం?

ముఖం కడిగి, తుడిచి, ఏమీ రాయకుండా ఒక గంట ఉండండి. ముఖమంతా మెరుస్తుంటే జిడ్డు చర్మం. నుదురు, ముక్కు మాత్రమే మెరిసి బుగ్గలు మామూలుగా ఉంటే మిశ్రమం, మనలో చాలామంది ఈ రకమే. బిగుసుకుపోయి పొట్టు లేస్తుంటే పొడి చర్మం. ఏం రాసినా మంట, ఎరుపు వస్తుంటే సున్నితమైనది.

ఒకసారి చూసి జీవితాంతం అదే అనుకోకండి. రోహిణి కార్తెలో విజయవాడలో జిడ్డు కారే ముఖమే జనవరిలో ఆదిలాబాద్ చలికి పొట్టు రేగుతుంది. రోజంతా ఏసీలో కూర్చునే ఉద్యోగమైతే ఎండాకాలంలో కూడా బుగ్గలు పొడిబారతాయి. మార్చాల్సింది మాయిశ్చరైజర్ ఒక్కటే: ఎండాకాలం జెల్, చలికాలం క్రీమ్.

పొద్దున చేయాల్సినవి

మొదటిది, ముఖం కడగడం. చేతులు ముందు కడుక్కోండి. గోరువెచ్చటి నీళ్లో, మామూలు చన్నీళ్లో చాలు, మరీ వేడి నీళ్లు వద్దు. కొద్దిగా ఫేస్‌వాష్ తీసుకుని అర నిమిషం వేళ్లతో మెల్లగా రాయండి. ముక్కు పక్కలు, గడ్డం కింద, చెవుల ముందు భాగం వదిలేయకండి. జిడ్డు చర్మానికి జెల్ రకం, పొడి చర్మానికి నురగ తక్కువ వచ్చే రకం తీసుకోండి. నురగ ఎక్కువ వస్తే ఎక్కువ శుభ్రం చేస్తుందనుకోవడం పొరపాటు. చర్మం బాగా పొడిగా ఉన్నవాళ్లు పొద్దున ఒట్టి నీళ్లతో కడిగినా సరిపోతుంది. తుడుచుకునే తువ్వాలు మీదే అయి ఉండాలి. రుద్దకుండా అద్ది తుడవండి.

రెండోది, మాయిశ్చరైజర్. ముఖం ఇంకా కొంచెం తడిగా ఉండగానే రాయాలి, అప్పుడే ఆ తేమ లోపల నిలుస్తుంది. "నాది జిడ్డు ముఖం, నాకెందుకు?" అని అడిగేవాళ్లు ఎక్కువ. జిడ్డు వేరు, తేమ వేరు. జిడ్డు ముఖంలో కూడా నీటి శాతం తగ్గవచ్చు. మొటిమల మందులు వాడేవాళ్లకైతే ఇది తప్పనిసరి. గ్లిజరిన్, సెరమైడ్లు, హైలురోనిక్ ఆమ్లం ఉన్నవి, డబ్బా మీద 'నాన్ కొమెడోజెనిక్' (రంధ్రాలు మూయనిది) అని ఉన్నవి చూసుకోండి. కొబ్బరినూనె కాళ్లకి, చేతులకి బాగుంటుంది కానీ మొటిమలు వచ్చే ముఖానికి వద్దు, రంధ్రాలు మూసుకుపోతాయి.

మూడోది సన్‌స్క్రీన్. డబ్బుకి ఇబ్బందై మూడింటిలో ఒకటే కొనగలిగితే ఇదే కొనమంటాను. మన రంగులోని మెలనిన్ కాలిపోకుండా కొంత కాపాడుతుంది, నిజమే. కానీ మన చర్మంలో ఏ చిన్న మొటిమ మానినా నల్ల మచ్చ మిగులుతుంది, ఎండ ఆ మచ్చను ముదురు చేస్తుంది. మంగు మచ్చలు ఆడవాళ్లకే వస్తాయనుకుంటారు గానీ ఎండలో తిరిగే మగవాళ్ల బుగ్గల మీద కూడా వస్తాయి.

ఎస్‌పీఎఫ్ 30 అంటే కాల్చే కిరణాలలో సుమారు 97 శాతం ఆపుతుంది, 50 అయితే సుమారు 98. తేడా ఒక్క శాతమే కాబట్టి పెద్ద అంకె కోసం వెంపర్లాడకండి. ఎస్‌పీఎఫ్ చెప్పేది యూవీబీ సంగతి. రంగు మార్చి, ముడతలు తెచ్చే యూవీఏ కోసం పీఏ+++ లేదా ఆ పైన ఉన్నది తీసుకోండి. అసలు కిటుకు రాసే మోతాదులో ఉంది. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకి సరిపోతుంది. చుక్క తీసుకుని రాస్తే డబ్బా మీద రాసిన రక్షణలో కొంచెమే దక్కుతుంది. చెవులు, మెడ వెనక భాగం మగవాళ్లు తప్పకుండా మర్చిపోయే చోట్లు. బయటికి వెళ్లే 15 నిమిషాల ముందు రాయండి.

గడ్డం ఉన్నవాళ్లు, తెల్లటి పూత నచ్చనివాళ్లు నీళ్లలా ఉండే ఫ్లూయిడ్ రకం లేదా జెల్ రకం వాడండి. రోజంతా బండి మీద తిరిగే డెలివరీ బాయ్స్, మార్కెటింగ్ వాళ్లు రెండు గంటలకోసారి రాయాలని పుస్తకం చెప్తుంది. ఎర్రటి ఎండలో అన్నిసార్లు ఎవరు రాస్తారు? కనీసం భోజనానికి ఆగినప్పుడు ముఖం కడిగి మరోసారి రాయండి, మిగతాది హెల్మెట్, పొడుగు చేతుల చొక్కా చూసుకుంటాయి. పొలం పనిలో తలకి చుట్టుకునే తువ్వాలు కూడా మంచి రక్షణే. కారులో వెళ్లేవాళ్లకీ మినహాయింపు లేదు. పక్క అద్దాలు చాలావరకు యూవీఏని పూర్తిగా ఆపవు. మన స్టీరింగ్ కుడివైపు కాబట్టి డ్రైవర్ల కుడి చేయి ఎడమ చేతికన్నా నల్లగా ఉండటం చూసే ఉంటారు.

రాత్రి

రాత్రి పని చిన్నది. రోజంతా పట్టిన దుమ్ము, చెమట, సన్‌స్క్రీన్ పోయేలా ముఖం కడిగి, మాయిశ్చరైజర్ రాసి పడుకోవడమే. టీవీ చూసి నిద్ర ముంచుకొచ్చే దాకా ఆగితే ఎప్పటికీ చేయరు. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుంటాం కదా, ముఖం పని కూడా అప్పుడే ముగించేయండి.

తలకి నూనె రాసుకుని పడుకునేవాళ్లకి నుదుటి మీద సన్నని పొక్కులు వస్తుంటే ఆ నూనెనే అనుమానించాలి. ఆదివారం తలంటుకి గంట ముందు రాసుకుని కడిగేస్తే చాలు. దిండు గలీబు వారానికి ఒకసారి, హెల్మెట్ లోపలి మెత్త అప్పుడప్పుడు ఉతకండి. గడ్డం పట్టీ తగిలే చోట, నుదుటి మీద అడ్డంగా వచ్చే మొటిమలకు ఆ ఒత్తిడి, చెమటే కారణం. హెల్మెట్ కింద పలచటి నూలు గుడ్డ కట్టుకుంటే తగ్గుతాయి.

గడ్డం గీసుకునేటప్పుడు

మగవాళ్ల చర్మసంరక్షణలో నిజంగా మగవాళ్లది అనదగ్గ భాగం ఇదొక్కటే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

స్నానం చేశాక గీసుకోండి, ముందు కాదు. తడికి వెంట్రుక మెత్తబడి బ్లేడు లాగకుండా తెగుతుంది. నురగో, జెల్లో రాసి ఒక నిమిషం ఆగండి. బుగ్గల మీద వెంట్రుకలు కిందికి పెరుగుతాయి గానీ మెడ మీద ఒక్కొక్కరికి ఒక్కో దిక్కు, కొందరికి పక్కకి తిరిగి ఉంటాయి. ఒకసారి మూడు రోజులు గడ్డం పెరగనిచ్చి, వేళ్లతో తడిమి ఏ దిక్కో చూసుకోండి. వెంట్రుక పెరిగే దిక్కులోనే గీయాలి. నున్నగా రావాలని ఎదురు గీస్తే వెంట్రుక చర్మం లోపలికంటా తెగి, మళ్లీ పెరిగేటప్పుడు బయటికి రాకుండా లోపలే గుచ్చుకుంటుంది. గడ్డం కింద, మెడ మీద వచ్చే ఎర్రటి పొక్కులు చాలావరకు అవే. అవి మొటిమలు కావు, గీసే తీరు మార్చకపోతే క్రీమ్ రాసినా మళ్లీ వస్తాయి.

చర్మాన్ని సాగదీసి గీయకండి. ఒకే చోట నాలుగైదు సార్లు లాగకండి. రెండు మూడు లాగులకోసారి రేజర్ కడగండి. అయిదు నుంచి ఏడుసార్లు వాడాక బ్లేడు పారేయండి, ఆపైన పొదుపు చేసింది ముఖం మీదే కనిపిస్తుంది. గీశాక చన్నీళ్లతో కడిగి, చురుక్కుమనే ఆఫ్టర్‌షేవ్ బదులు మీ మామూలు మాయిశ్చరైజర్ రాయండి. ఆ చురుకు ఆల్కహాల్‌ది, దానివల్ల చర్మం ఎండిపోవడమే తప్ప లాభం లేదు. పొక్కులు ఎక్కువగా ఉన్నవాళ్లు కొన్ని వారాలు రేజర్ పక్కన పెట్టి, ఒక మిల్లీమీటరు గడ్డం మిగిల్చే ట్రిమ్మర్ వాడితే తేలిగ్గా తగ్గుతాయి.

సెలూన్‌కి వెళ్లేవాళ్లు రెండు విషయాలు మొహమాటం లేకుండా అడగాలి. బ్లేడు మీ కళ్ల ముందే కొత్తది వేయాలి. హెపటైటిస్ బి వైరస్ కంటికి కనిపించనంత రక్తంతో కూడా అంటుకోగలదు. రెండోది పటిక. చివర్లో ముఖమంతా రుద్దే ఆ పటిక ముక్క పొద్దున్నుంచి ఎంతమంది గాట్ల మీద తిరిగిందో! ఇంటి నుంచి మీదే చిన్న ముక్క తీసుకెళ్లండి, లేదా వద్దని చెప్పండి. ఉచితంగా చేసే బ్లీచ్, ఫేషియల్ కూడా వద్దనండి. పెళ్లికి రెండు రోజుల ముందు మొదటిసారి ఫేషియల్ చేయించుకుని ఎర్రటి ముఖంతో పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకులు ఉన్నారు.

ఒక నెల తర్వాత, అవసరమైతేనే

చర్మం పైపొర మారడానికి సుమారు 28 రోజులు పడుతుంది. కాబట్టి పై మూడింటినీ నెల రోజులు వాడి చూడకుండా సీరమ్‌ల జోలికి వెళ్లకండి. ఆ తర్వాత కూడా ఒక సమస్యకి ఒక మందు, ఒకేసారి ఒక్కటే. దవడ పక్కన కొద్దిగా రాసి మూడు రోజులు చూసి, ఏమీ కాకపోతే ముఖానికి రాయండి.

నల్ల చుక్కలు, చిన్న పొక్కులు ఉంటే 2 శాతం లోపు సాలిసిలిక్ ఆమ్లం ఉన్న ఫేస్‌వాష్. ఎర్రగా, చీముతో వచ్చే మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం. 10 శాతం కూడా దొరుకుతుంది గానీ 2.5 దాదాపు అంతే పని చేస్తుంది, మంట మాత్రం తక్కువ. తువ్వాళ్ల మీద, దిండు మీద రంగు పోయి తెల్ల మరకలు పడతాయి, తెల్ల గుడ్డలు వాడుకోండి. అడాపలీన్ లాంటి మొటిమల మందులు డాక్టర్‌ని అడిగి, రాత్రిపూట పొడి ముఖం మీద, బఠాణీ గింజంత మాత్రమే. మొదట్లో పొట్టు లేస్తుంది. ఏ మొటిమల మందైనా ఫలితం చెప్పడానికి 8 నుంచి 12 వారాలు కావాలి. పది రోజులకే "పని చేయట్లేదు" అని మందు మార్చేవాళ్లే ఎక్కువ. మానిన మొటిమల నల్ల మచ్చలకి 5 శాతం నియాసినమైడ్ నెమ్మదిగా పని చేస్తుంది, అది కూడా సన్‌స్క్రీన్ మానకుండా ఉంటేనే. జిమ్‌లో వే ప్రొటీన్ మొదలుపెట్టాక మొటిమలు పెరిగితే ఒక నెల ఆపి చూడండి.

కనుబొమల్లో, ముక్కు పక్కల, మీసం కింద పొట్టు రేగి ఎర్రబడుతోందా? అది చుండ్రుకి ముఖం మీది రూపం. నూనె రాస్తే ఎక్కువవుతుంది. 2 శాతం కీటోకోనజోల్ షాంపూ తలకి రాసి, మూడు నుంచి అయిదు నిమిషాలు ఉంచి కడగాలి, వారానికి రెండుసార్లు, కొన్ని వారాలు. ఆ నురగనే కళ్లలో పడకుండా కనుబొమలకి, మీసానికి తగలనివ్వొచ్చు.

మెడ వెనక, చంకల్లో మందంగా, మఖమల్‌లా నల్లబడితే అది మురికి కాదు. పీచు పెట్టి రుద్దే కొద్దీ ఇంకా మందమవుతుంది. చాలామందిలో ఇది ఇన్సులిన్ సరిగ్గా పని చేయడం లేదన్న సూచన, బరువు ఎక్కువున్నవాళ్లలో మరీ. క్రీమ్ కొనే ముందు షుగర్ పరీక్ష చేయించుకోండి. బరువు తగ్గితే ఆ నలుపు కూడా తగ్గుతుంది.

దీక్షలో, గుండు చేయించుకున్నాక

అయ్యప్ప మాల వేసుకునేవాళ్లకి 41 రోజులు చలికాలంలోనే పడుతుంది. రోజూ రెండుపూటలా చన్నీళ్ల తలస్నానం, గడ్డం తీయకూడదు, కాళ్లకి చెప్పులుండవు. నియమం ఏదీ తప్పకుండానే చేయగలిగినవి ఉన్నాయి. స్నానం అయిన వెంటనే తడి ఆరకముందే ముఖానికి, ఒంటికి మాయిశ్చరైజరో, ఒంటికైతే కొబ్బరినూనో రాయండి. పాదాల పగుళ్లకి రాత్రి పెట్రోలియం జెల్లీ. గడ్డం కింద చర్మానికి నీళ్లు తగిలేలా వేళ్లతో కడగండి. విభూతి, గంధం, కుంకుమ పెట్టే చోట దురద, నల్లబడటం కనిపిస్తే రంగులు కలిపిన కుంకుమని అనుమానించి మార్చండి. మాల తీశాక ఒక్కసారిగా రేజర్ పెట్టకుండా ముందు ట్రిమ్మర్‌తో పొట్టిగా చేసి, మర్నాడు గీసుకుంటే పొక్కులు తక్కువ వస్తాయి.

తిరుమలలో గుండు చేయించుకుని గంధం రాసుకుంటాం. చల్లగా ఉంటుంది గానీ ఎండని ఆపదు. ఎప్పుడూ ఎండ చూడని చర్మం కాబట్టి త్వరగా కమిలిపోతుంది. టోపీ పెట్టుకోండి, చిన్న గాట్లు మానాక రెండు మూడు వారాలు గుండుకి కూడా సన్‌స్క్రీన్ రాయండి. జుట్టు పలచబడిన పెద్దవాళ్లకి ఈ మాట ఏడాది పొడవునా వర్తిస్తుంది.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

గడ్డలుగా నొప్పి పెట్టే మొటిమలు, గుంటలు మిగిల్చేవి అయితే మూడు నెలలు ఆగకండి, గుంటలు పడ్డాక సరిచేయడం చాలా ఖర్చు. గడ్డంలో నాణెమంత మేర వెంట్రుకలు రాలినా, తామర ఇంట్లో ఇద్దరికి పాకినా, పుట్టుమచ్చ ఆకారం, రంగు మారినా వెళ్లాలి. పాలిపోయిన లేదా ఎర్రటి మచ్చ మీద స్పర్శ తెలియకపోతే ఆ వారమే చూపించుకోండి. అది కుష్టు కావచ్చు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

డాక్టర్ బోర్డు మీద ఎండీ డీవీఎల్, డీడీవీఎల్ లాంటి చర్మవైద్యపు అర్హత చూసుకోండి, 'స్కిన్ క్లినిక్' అన్న పేరు ఒక్కటే చాలదు. ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్ లాంటి బోధనాసుపత్రుల్లో చర్మ విభాగం ఓపీ ఉంటుంది. బోర్డు మీద 'చర్మ, సుఖవ్యాధులు' అని చూసి వెనక్కి తిరిగి వచ్చేసే కుర్రాళ్లు ఉంటారు, టెన్షన్ పడకండి, రెండూ ఒకే శాఖ కిందికి వస్తాయి. వెళ్లేటప్పుడు ఆరు నెలలుగా ముఖానికి రాసిన ప్రతి ట్యూబ్, ఖాళీది అయినా సరే, సంచిలో వేసుకుని వెళ్లండి.